గంట ముందొచ్చే నీడ

ఆమె ఇంట్లోంచి బయటపడడం అంటే మూడు విడతల వ్యవహారం. మొదటి విడతలో తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి, రెండో అంతస్తు నుంచి కిందికి దిగేది. గేటు దగ్గర ఆగి, "ఒక్క నిమిషం, గ్యాస్ చూసొస్తా" అని మళ్ళీ మెట్లెక్కేది. గ్యాస్ కట్టేసే ఉండేది. రెండో విడతలో వీధి మలుపు దాకా పోయి, ఇస్త్రీపెట్టె గుర్తొచ్చి వెనక్కి తిరిగేది. ఆ రోజు ఇస్త్రీపెట్టె అలమారలోంచి బయటికే రాలేదన్న సంగతి తీరా ఇంట్లో అడుగుపెట్టాక గుర్తొచ్చేది. మూడో విడతలో బస్సెక్కి, ఒక స్టాపు దాటాక దిగిపోయి నడిచొచ్చేది, అసలు తాళం వేశానా లేదా అని.

కింది వాటాలో పిన్నిగారు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ఇదంతా లెక్కపెట్టేది. "ఇవాళ రెండుసార్లేనా? ఒంట్లో బాగానే ఉందా అమ్మాయ్?" అని పలకరించేది. వీధి వీధంతా కలిసి ఆమెకు 'చూసొస్తా' అని పేరు పెట్టేసింది. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనబడేది కాదు. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు గానీ, లోపల ఆమె పడే యాతన నవ్వులాట కాదు. ఏదో ఒకటి మర్చిపోయాను, దానివల్ల ఏదో ఘోరం జరగబోతోంది అనే బెంగ పొద్దున కళ్ళు తెరవగానే ఆమెతోపాటు లేచి కూర్చునేది.

ఆమె భర్త లిఫ్టు మెకానిక్. ఊరి చివర కొత్తగా లేస్తున్న భవనాల్లో లిఫ్టులు బిగిస్తాడు. నెమ్మదస్తుడు. పొద్దున ఎనిమిదికి సంచి భుజాన వేసుకుని వెళ్తే సాయంత్రం ఆరింటికి ఇంటికొస్తాడు. అతని నీడ మాత్రం ఐదింటికే వచ్చేస్తుంది.

పెళ్ళయిన కొత్తలో ఈ సంగతి అత్తగారితో అంటే, "చిన్నప్పుడు బడి నుంచీ అంతే. నీడ ముందొచ్చి కూర్చునేది, నేను పాలు వేడిచేసి పెట్టేదాన్ని" అని ఆవిడ తన పనిలో తాను పడిపోయింది. నీడ తలుపు కింద సందులోంచి జారి లోపలికొచ్చి, హాల్లో చెప్పుల స్టాండు పక్కన గోడ మీద నిలబడేది. గంట తర్వాత అతను ఎలా రాబోతున్నాడో అచ్చం అలాగే వచ్చేది. సంచి ఉంటే సంచితో, వానైతే గొడుగుతో. ఒకసారి నీడ వేలికి కట్టుతో వస్తే, ఆమె దూదీ మందూ తీసిపెట్టుకుని కూర్చుంది. అతను రాగానే ఎలా జరిగిందని అడగలేదు, ఏ చెయ్యి అని కూడా అడగలేదు. పిన్నిగారికీ ఆ నీడ అలవాటే. "మీ ఆయన నీడ మెట్లెక్కింది, ఇంక నీళ్ళ మోటారు కట్టేస్తున్నా" అని కింద నుంచి కేకేసేది.

రోజు మొత్తం మీద ఆమెకు నిశ్చింతగా ఉండేది ఆ ఒక్క గంటే. నీడ వచ్చిందంటే మనిషి వస్తాడు. అందులో అనుమానానికి చోటు లేదు. ఆమె నీడ పక్కన పీట వేసుకుని కూరగాయలు తరుగుతూ, ఆ రోజు దుకాణంలో జరిగినవన్నీ దానికి చెప్పేది. అతను వచ్చాక మళ్ళీ చెప్పేది.

ఆమె పనిచేసేది కళ్ళజోళ్ళ దుకాణంలో. అద్దాల అంచులు సానపట్టి ఫ్రేముల్లో కూర్చోబెట్టడం ఆమె పని. వెంట్రుక మందం తేడా వచ్చినా పట్టేసేది. దుకాణం నడిపే ఆవిడని ఆమె అక్కా అని పిలిచేది. ఆ అక్క వచ్చినవాళ్ళందరితో, "మా అమ్మాయికి ఉన్నంత అనుమానం ఇంకెవరికీ లేదండీ, మీ అద్దానికి ఢోకా లేదు" అని గొప్పగా చెప్పుకునేది.

గీజరు సంగతితో మాత్రం వ్యవహారం శ్రుతిమించింది. ఒకరోజు మధ్యాహ్నం, ఇంట్లో గీజరు కట్టేశారా లేదా అన్న అనుమానం వచ్చి ఆమెకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆ పొద్దున చివరగా ఇల్లు వదిలింది భర్త. అతనికి ఫోన్ చేస్తే అందలేదు. షాఫ్టులో, అంటే లిఫ్టు ఎక్కిదిగే ఆ పొడుగాటి గోతిలో ఉంటే ఫోన్ అందదు. దాంతో సైటాఫీసుకు చేసింది. సూపర్వైజరు ఆ నెలలో ఆమె ఫోన్ ఎత్తడం అది ఏడోసారి. ఆయనకు విసుగొచ్చి, మైకు తీసుకుని, పద్నాలుగు అంతస్తులకీ వినబడేలా అడిగేశాడు. "ఏవయ్యా, ఇంట్లో గీజరు కట్టేసి వచ్చావా లేదా? మీ ఆవిడ లైన్లో ఉంది!"

ఆ రోజు నుంచి సైటులో అతని పేరు గీజరు. సాయంత్రం ఐదు కావొస్తుంటే, "గీజరు నీడ వెళ్ళిపోయింది, ఇంక సామాన్లు సర్దండి" అనుకునేవాళ్ళు తోటివాళ్ళు.

ఆ సాయంత్రం నీడ తల వంచుకుని వచ్చింది. ఆమెకు సంగతి గంట ముందే అర్థమైంది, గంటసేపు వణకడానికి కావలసినంత తీరిక దొరికింది.

"నా పనిచోట నన్ను నవ్వులపాలు చేశావు" అన్నాడు అతను, బూట్లు కూడా విప్పకుండా.

"నాకు భయమేసిందండీ."

"నీకు ఎప్పుడు వెయ్యలేదు?"

అతను బూట్లు విప్పి చెప్పుల స్టాండు పక్కన పెట్టాడు. కోపం ఎక్కువసేపు నిలబెట్టుకోవడం అతనికి చేతకాదు.

"చూడూ, ఇంటినిండా ఆ స్మార్ట్ పరికరాలేవో పెట్టిద్దాం. గ్యాసూ గీజరూ తాళం అన్నీ ఫోన్లోనే కనబడతాయట. నువ్వు ఎక్కడున్నా చూసుకోవచ్చు, అక్కణ్ణుంచే కట్టెయ్యొచ్చు. కానీ నాకో మాటివ్వాలి."

"ఏంటి?"

"ఇంక నా పనిచోటికి ఫోన్ చెయ్యనని."

ఆమె మాటిచ్చింది. ఇస్తున్నప్పుడే భయమేసింది, కానీ ఆ సంగతి చెప్పలేదు.

పరికరాలు బిగించడానికి వచ్చినావిడ యాభై దాటిన మనిషి. చేతిలో డ్రిల్లు మిషను, ముక్కు మీంచి జారిపోతున్న కళ్ళజోడు. చూసొస్తా ఊరుకోలేక ముందు ఆ కళ్ళజోడు అడిగి తీసుకుని, కాడలు వంచి సరిచేసి ఇచ్చింది. ఆ దెబ్బతో ఇద్దరికీ స్నేహం కుదిరిపోయింది. సాయంత్రం లోపు గ్యాసు గొట్టానికి దానంతటదే మూసుకునే మూత వచ్చింది. గీజరుకి కొత్త స్విచ్చి, సింకు కింద నీళ్ళు కారితే మోగే బిళ్ళ, తలుపుకి అంకెల తాళం, కర్టెన్లకి మోటార్లు వచ్చాయి. హాల్లో ఒక మూల కెమెరా, ఇంకో మూల కదలిక కనిపెట్టే చిన్న తెల్లటి కన్ను.

"ఈ కన్ను వేడిని బట్టి పట్టుకుంటుందండీ" అంది ఆవిడ నిచ్చెన మీంచి. "ఎవరైనా రాగానే హాల్లో దీపాలు నాలుగూ వెలుగుతాయి. మీ ఫోనుకి కబురొస్తుంది."

"దీపాలన్నీ వెలిగితే మా ఆయన నీడ కనబడదే!"

ఆవిడ స్క్రూ బిగించడం ఆపింది. "ఎన్నింటికొస్తుంది?"

"ఐదింటికి."

"వెచ్చగా ఉంటుందా?"

"ఉంటుంది. చలికాలం దాని పక్కన కూర్చుంటే శాలువా అక్కర్లేదు."

"అయితే కన్ను పట్టేస్తుంది. కుక్కలకీ పిల్లులకీ ఇందులో ఏర్పాటుంది గానీ నీడలకి పెట్టలేదండీ వీళ్ళు. పర్లేదు, నేను చేసిస్తా." ఫోన్ తీసుకుని చాలాసేపు ఏవేవో నొక్కింది. "ఇదిగో, 'సాయంత్రం' అని ఒక బటన్ పెట్టాను. రోజూ నాలుగున్నరకి దానంతటదే పనిచేస్తుంది. కన్ను ఎంత చూసినా దీపాలు వెలగవు, పడమటి కర్టెన్ ఒక్కటే తెరుచుకుంటుంది. నీడ గోడ మీద శుభ్రంగా పడుతుంది. ఆ కబురు కూడా రాకుండా ఆపెయ్యనా? హాల్లో ఎవరో ఉన్నారని రోజూ మోగితే మీకు గుండె గుభేలుమంటుంది."

"వద్దండీ. మిగతావి ఆపినా ఆపండి, అదొక్కటీ రానివ్వండి" అంది చూసొస్తా. "అది మంచి కబురు."

మొదటి వారం సుఖంగానే ఉంది. గేటు దగ్గర ఆగి, ఫోన్లో చూసుకుని, మెట్లెక్కకుండానే వెళ్ళిపోతుంటే పిన్నిగారు ఏదో పోగొట్టుకున్నదానిలా చూసేది. రెండో వారానికి తెలిసొచ్చింది అసలు సంగతి. ఇదివరకు ఆ బెంగ ఇల్లు వదిలేటప్పుడు పట్టుకునేది, బస్సులో కాస్త సద్దుమణిగేది. ఇప్పుడు అది హ్యాండ్‌బ్యాగులో కూర్చుని వెంటే వస్తోంది. పది నిమిషాలకోసారి ఫోన్ తీసి చూడడమే. గ్యాస్ కట్టేసి ఉంది. నిజమే, కానీ అది చూసి అప్పుడే నాలుగు నిమిషాలైంది కదా? తాళం వేసి ఉంది. ఫోను సరిగ్గానే చెబుతోందా? సింకు కింద తడి లేదు. బిళ్ళ పాడవ్వలేదు కదా?

ఆ ధ్యాసలో ఒక పెద్దాయన కళ్ళజోడులో దగ్గరచూపు భాగం పైకి వచ్చేలా అద్దాలు తలకిందులుగా బిగించింది. ఆయన పేపరు నెత్తి మీద పట్టుకుని చదవాల్సి వచ్చింది. ఆయన మంచివాడు కాబట్టి నవ్వేసి ఊరుకున్నాడు గానీ, అక్క ఊరుకోలేదు.

"అద్దం మీద ఉండాల్సిన కన్ను ఫోన్ మీద ఉంటే ఎలాగమ్మా? ఆ ఫోను సొరుగులో పెట్టు. గంటకోసారి తియ్యి, ఒక నిమిషం చూసుకో, మళ్ళీ పెట్టెయ్."

చూసొస్తా సరేనంది. గంటకీ గంటకీ మధ్య ప్రాణం గిలగిల్లాడేది, అయినా పట్టుదలగా ఉంది. అంతకంటే పట్టుదలగా ఇచ్చిన మాట నిలబెట్టుకుంది. మూడు నెలల్లో ఒక్కసారి కూడా సైటాఫీసుకు ఫోన్ చెయ్యలేదు. భర్త ముఖంలో కళ వచ్చింది. "మీ ఆవిడ కులాసానా? ఫోన్లు రావట్లేదే" అని సూపర్వైజరే ఆరా తీశాడట. అది చెప్పి అతను నవ్వినప్పుడు ఆమెకు నిజంగా సంతోషమేసింది.

ఆ రోజు పొద్దున అతను సంచి సర్దుకుంటూ, "ఇవాళ అడుగున గోతిలో పని. మధ్యాహ్నం దాకా ఫోన్ అందదు" అన్నాడు.

ఆమె నోరు తెరిచింది.

"ఏమడగబోతున్నావో నాకు తెలుసు. అడక్కు" అన్నాడు నవ్వుతూ. ఆమె నోరు మూసుకుంది.

పదకొండు గంటలకు సొరుగు తీసి చూసుకుంది. అన్నీ బాగానే ఉన్నాయి. మళ్ళీ చూసుకునేది ఇంక పన్నెండింటికే. ఒక పంతులమ్మగారు పాత కళ్ళజోడు విరిగి, కొత్తదాని కోసం కౌంటరు దగ్గర కూర్చుని ఉంది. చూసొస్తా సానరాయి ముందు కూర్చుని అద్దం అంచు పట్టుకుంది. అంతలో సొరుగులో ఫోన్ గుర్రుమంది. అక్క ఓరకంట చూసింది. చూసొస్తా చెయ్యి కదపలేదు. మళ్ళీ గుర్రుమంది. ఏదో ప్రకటన అయ్యుంటుందిలే అనుకుంది. ఒక అద్దం పూర్తిచేసి ఫ్రేములో కూర్చోబెట్టింది. రెండోది చేతిలోకి తీసుకుంది గానీ, చూపు సొరుగు మీదికి పోయి అద్దం జారింది.

"అక్కా, ఒక్కసారి చూసుకుంటా. ఒక్కసారి."

"సరే చూసుకో, లేకపోతే ఆ అద్దం నేలపాలు చేస్తావు."

ఫోన్ మీద మూడు వరసలున్నాయి. హాల్లో కదలిక, పదకొండూ పన్నెండు. హాల్లో దీపాలు వెలిగాయి, పదకొండూ పన్నెండు. తలుపు తెరుచుకోలేదు.

దొంగేమో అనుకోవడానికి కూడా లేదు. తలుపు తెరుచుకోకుండా ఇంట్లోకి రాగలిగింది ఒక్కటే ఉంది. అది ఐదింటికి కదా రావాలి! ఆమె కెమెరా తెరిచింది. నాలుగు దీపాల వెలుగులో హాలు పాలల్లో ముంచి తీసినట్టుంది. చెప్పుల స్టాండు ఉంది, పీట ఉంది, గోడ ఖాళీగా ఉంది. దీపాలు ఆపింది. కన్ను మళ్ళీ పట్టుకుంది, దీపాలు మళ్ళీ వెలిగాయి. రెండోసారి ఆపింది. మళ్ళీ వెలిగాయి.

అప్పుడు 'సాయంత్రం' బటన్ గుర్తొచ్చింది. నొక్కింది. దీపాలు ఆరిపోయాయి, పడమటి కర్టెన్ నెమ్మదిగా పక్కకి జరిగింది. కానీ ఆ వేళప్పుడు ఎండ అటువైపు లేదు. హాలంతా మసక. ఆమె తూర్పు కర్టెన్ వెతికి పట్టుకుని, వేలితో కొంచెం కొంచెంగా జరిపింది. జానెడు వెలుగు లోపలికొచ్చింది, తర్వాత మూరెడు. ఎదుటి గోడ మీద నీడ తేలింది.

నీడ నిలబడి లేదు. కూర్చుని లేదు. గోడ మధ్యలో, మనిషి భుజం ఎత్తున, అడ్డంగా పడుకుని ఉంది. ఒక చెయ్యి కిందికి వేలాడుతోంది. సంచి లేదు. దాని కింద మంచం లేదు, బల్ల లేదు.

నలుగురు మోసుకొస్తే మనిషి ఆ ఎత్తులో ఉంటాడు. మోసేవాళ్ళ నీడలు కనబడవు, అందరి నీడల్లాగే అవి వాళ్ళతోనే వస్తాయి. దెబ్బ తగిలితే ఆస్పత్రికి తీసుకెళ్తారు గానీ ఇంటికి ఎందుకు తెస్తారు? ఆమె ఆలోచన అక్కడ ఆగిపోయింది. అవతలికి పోవడానికి మనసు ఒప్పలేదు.

టైము చూసుకుంది. పదకొండూ ఇరవై నాలుగు. నీడ పదకొండూ పన్నెండుకి వచ్చిందంటే అతను పన్నెండూ పన్నెండుకి వస్తాడు. సైటు నుంచి ఇంటికి ఇరవై నిమిషాలు. అంటే ఏం జరిగినా ఇంకో అరగంట లోపే జరగాలి. లేకపోతే ఇప్పటికే జరిగిపోయి ఉండాలి.

భర్త ఫోన్ అందలేదు. సైటాఫీసు నంబరు ఆమెకు చూడకుండా వచ్చు. దుకాణం ఫోన్ మీద చెయ్యి వేసింది, చెయ్యి అక్కడే ఆగిపోయింది. మాటిచ్చాను కదా అనిపించింది. మైకు, పద్నాలుగు అంతస్తుల నవ్వులు, తల వంచుకుని వచ్చిన నీడ, అన్నీ ఆ ఒక్క క్షణంలో కళ్ళముందు తిరిగాయి. ఆ క్షణం ఆగినందుకు ఆమె తర్వాత చాలాకాలం తనని తాను క్షమించుకోలేకపోయింది. మరుక్షణం నంబరు నొక్కేసింది. తన ఫోన్ మాత్రం గోడ మీది నీడ కనబడేలా కళ్ళజోళ్ళ స్టాండుకి ఆనించి పెట్టుకుంది.

"హలో, సైటాఫీసు."

"అన్నయ్యగారూ, నేనండీ..."

"గొంతు గుర్తుపట్టానమ్మా" అన్నాడు సూపర్వైజరు. "మూడు నెలలైంది. ఈసారి ఏంటి, ఇస్త్రీపెట్టా?"

"ఆయన్ని గోతిలోంచి బయటికి పిలవండి. ఇప్పుడే పిలవండి."

"చూడమ్మా, అతను ఇప్పుడిప్పుడే కాస్త తలెత్తుకు తిరుగుతున్నాడు. నువ్వు చేశావని నేనెవరికీ చెప్పను. పెట్టెయ్ తల్లీ."

"పెట్టెయ్యకండి! ఇది మామూలు భయం కాదండీ..."

ఆమెకే తెలుస్తోంది, గీజరు కోసం వణికిన గొంతూ ఇదే, ఇస్త్రీపెట్టె కోసం వణికిన గొంతూ ఇదే. నిజమైన భయానికి ఆమె దగ్గర వేరే గొంతు మిగల్లేదు.

"కాసిని చల్లటి నీళ్ళు తాగు, అదే తగ్గుతుంది. ఉంటా మరి."

"నీడ వచ్చేసిందండీ!"

అవతల కుర్చీ జరిగిన చప్పుడు.

"మీ ఆయన నీడా? ఎన్నింటికి?"

"పదకొండూ పన్నెండుకి. ఫోన్లో రాసుంది."

"పొద్దున టీ తాగేటప్పుడు ఉందే. దాని మీదే కదా నా గ్లాసు పెట్టాను!"

"పడుకుని వచ్చిందండీ. పైకెత్తి మోసుకొస్తున్నట్టు వచ్చింది."

"ఆ మాట ముందు చెప్పొద్దూ!"

రిసీవరు బల్ల మీద పడిన చప్పుడు. వెంటనే దూరంగా మైకులో ఆయన గొంతు, ఎప్పటి వెటకారం లేకుండా. "పనులాపండి. అన్ని షాఫ్టుల్లోంచీ అందరూ బయటికి రండి. గీజరూ, నిన్నే. పనిముట్లు అక్కడే వదిలేసి ఎక్కు. ఎక్కవయ్యా బాబూ!" ఎవరో నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే తెగిపోయింది. ఆ తర్వాత పరుగెత్తే అడుగులు, ఇనుప నిచ్చెన మోత. ఇంకేమీ వినబడలేదు.

ఆమె నీడ వంకే చూస్తూ నిలబడింది. పదకొండూ ఇరవై ఎనిమిది. నీడ అలాగే ఉంది. పంతులమ్మగారు లేచొచ్చి మంచినీళ్ళ గ్లాసు అందించింది, ఆమె అటు చూడనైనా లేదు. అక్క వెనక నిలబడి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. పదకొండూ ఇరవై తొమ్మిది. రిసీవరులోంచి పెద్ద మోత వినబడింది. దుకాణంలో గోడకున్న కళ్ళజోళ్ళన్నీ గలగల్లాడినట్టు ఆమెకు అనిపించింది. తర్వాత అటువైపు అందరూ ఒకేసారి మాట్లాడడం మొదలుపెట్టారు, ఒక్క ముక్కా అర్థం కాలేదు.

ఫోన్లో, గోడ మీద, వేలాడుతున్న చెయ్యి కదిలింది.

ఆ చెయ్యి గాల్లో దేన్నో పట్టుకుంది. నీడ మెల్లగా లేచి కూర్చుంది. కాళ్ళు కిందికి వేలాడేసింది, తడుముకుంటున్నట్టు నేలకు ఆనించింది, నిలబడింది. కాసేపు ఊరికే నిలబడింది. తర్వాత వంగి, కింద నుంచి ఏదో తీసి భుజాన వేసుకుంది. సంచి.

చూసొస్తా రిసీవరు పట్టుకునే నేల మీద కూలబడి బావురుమంది. అక్క కూడా ఏడ్చింది. పంతులమ్మగారు సగం కళ్ళజోడు పెట్టుకునే ఏడ్చింది, రెండో అద్దం ఇంకా బిగించలేదు మరి.

ఆమె ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకే గుర్తులేదు. బస్సులో సానరాయి కట్టేశానా అని గానీ, సొరుగు మూశానా అని గానీ ఒక్కసారి కూడా అనిపించలేదు. హాల్లో పీట వేసుకుని నీడ పక్కన కూర్చుంది. గోడ వెచ్చగా ఉంది. చెంప ఆనించి కళ్ళు మూసుకుంది.

పన్నెండూ పన్నెండుకి తాళం కిర్రుమంది. అతను వచ్చాడు. ముఖంలో నెత్తుటిచుక్క లేదు, బట్టలనిండా గ్రీజు. భుజాన సంచి ఉంది. నీడ గోడ దిగి, ఎప్పటిలాగే అతని కాళ్ళ దగ్గరికి వెళ్ళి సర్దుకుంది.

"మళ్ళీ ఫోన్ చేశావట" అన్నాడు.

"చేశాను."

అతను బూట్ల తాళ్ళు విప్పడానికి వంగాడు. ముడి విప్పబోయి ఇంకా బిగించేశాడు. ఆమె వెళ్ళి విప్పింది.

"మైకులో పిలవగానే నాకు తల కొట్టేసినట్టయింది. నిన్ను తిట్టుకుంటూ నిచ్చెన ఎక్కాను" అన్నాడు. "పైకొచ్చి చేతులు తుడుచుకుంటున్నా. పైన మోటారుండే మిషన్ రూములో బ్రేకు జారింది. లిఫ్టు పెట్టె ఖాళీగా ఉంది కదా, అది పైకి పోయింది. దానికి కట్టిన ఇనప దిమ్మ కిందికొచ్చింది. గోతిలో నేను కూర్చునే పీట ఒకటి ఉంది, తెలుసు కదా."

"తెలుసు."

"ఇప్పుడు లేదు."

ఆమె అతని పాదం రెండు చేతుల్తో పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

"సూపర్వైజరు ఇంటికి పొమ్మన్నాడు. ఒక్కణ్ణీ పంపలేదు, నలుగుర్ని తోడిచ్చాడు. గేటు దాకా వచ్చారు."

ఆమె లేచి కిటికీ దగ్గరికెళ్ళి చూసింది. కింద నలుగురు మనుషులు పిన్నిగారు ఇచ్చిన మంచినీళ్ళు తాగుతున్నారు. వెడల్పాటి భుజాలవాళ్ళు, బరువులు మోసే అలవాటున్నవాళ్ళు. అతను ఇల్లు చేరే టైము మారలేదు. వెంట వచ్చిన మనుషులు కూడా బహుశా వాళ్ళే. ఆమె వాళ్ళని అక్కణ్ణుంచే చాలాసేపు చూసింది. తర్వాత టీ పెట్టి, ఆరు గ్లాసుల్లో పోసి, అందరినీ పైకి పిలిచింది.

నాలుగో రోజు అతను మళ్ళీ పనికి బయల్దేరాడు. ఇద్దరూ కలిసి మెట్లు దిగారు. ఆమె గేటు దగ్గర ఆగి ఫోన్ తీసింది. గ్యాస్ కట్టేసి ఉంది. గీజరు కట్టేసి ఉంది. తాళం వేసి ఉంది. సరేనని ఫోన్ బ్యాగులో పెట్టుకుని గేటు తీసింది. అతను కదల్లేదు.

"గ్యాస్..." అన్నాడు.

"కట్టేసే ఉందండీ. ఫోన్లో చూశాను."

"ఉంటే ఉందిలే." సంచి ఆమె చేతికిచ్చి వెనక్కి తిరిగాడు. "నువ్వుండు. ఒక్కసారి చూసొస్తా."

కిటికీలోంచి పిన్నిగారు, "ఒకటి!" అంది.

అతను మెట్లెక్కి వెళ్ళాడు. చూసొస్తా రెండు సంచులూ పట్టుకుని గేటు దగ్గర ఎండలో నిలబడింది. అతని నీడ అతని వెంట వెళ్ళలేదు. అతను వచ్చేదాకా ఆమె పక్కనే నిలబడింది.